దర్జీ గారి తెరచాప నంబరు

ఆ ఆదివారం పొద్దున దర్జీ గారు వేసుకున్న పథకం బహు చిన్నది. కాఫీ తాగి, తెరచాపకు నంబరు అంటించి, మధ్యాహ్నం మూడింటికి పందెంలో దిగడం. ఇందులో కొంపలు మునగడానికి ఏముంది చెప్పండి?

మనిషి ఒక్కడే పట్టే ఆ పందెపు పడవను ఆయన కొని ఆరు నెలలైంది. ఆదివారాలు జలాశయంలోనూ, మిగతా రోజులు ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోటా ఉంటుంది. దాని ముక్కు వంటింటి గుమ్మం దాకా వస్తుంది. భార్య రోజుకు ఇరవైసార్లు దాన్ని దాటుతుంది, ఇరవైసార్లూ ఏదో ఒకటి అంటుంది. పోనీ పందేల్లో పేరైనా వచ్చిందా అంటే అదీ లేదు. కొత్త తెరచాప మీద నంబరు లేదు. నంబరు లేని పడవ తన దృష్టిలో పడవే కాదని పందేలు నడిపే లెక్కల మాస్టారు తేల్చేశారు.

"ఆరు నెలల నుంచి వెళ్తున్నారు, ఒక్క లిస్టులో మీ పేరు లేదు. అసలు వెళ్తున్నది అక్కడికేనా?" అంది భార్య. "ఈ ఏడాదికి ఇదే ఆఖరి పందెం. ఇవాళ నేనూ వస్తున్నా. లిస్టులో మీ పేరు నా కళ్ళతో చూశానా, సరే. లేదా, రేపు పడవ పోతుంది, సోఫా వస్తుంది."

వారమంతా కుట్టుమిషను ముందు వంగి కూర్చునే దర్జీ గారికి పడవంటే ప్రాణం.

పడవ వెనక చెక్కి ఉన్న 2158 అనే నంబరు రాసి పంపితే, పడవల సంఘం వాళ్ళు పంపిన పొట్లం ముందురోజే వచ్చింది. ఇప్పుడు విప్పి చూస్తే అందులో ఎనిమిది అంకెలున్నాయి. ఎనిమిదీ ఎనిమిదులే, కాలిక్యులేటరు మీద కనబడేలాంటి నిలువు, అడ్డ గీతల ఎనిమిదులు.

"ఈ ఎనిమిదుల గోలేంటండీ? ఎవరివో మనకొచ్చినట్టున్నాయి" అంది భార్య.

దర్జీ గారు కంగారుగా సంఘానికి ఫోను చేశారు. అవతల ఫోనెత్తినాయన ఆవలిస్తూ, "ఎనిమిదిలో అన్ని అంకెలూ ఉన్నాయండీ. అక్కర్లేని కాళ్ళూ చేతులూ కత్తిరించుకోండి" అన్నాడు.

కత్తిరించడం! దర్జీ గారి మొహం వెలిగిపోయింది. పొట్లంలో సూచనల కాగితం కూడా ఉంది. రెండో వైపు అంకెలు మొదటివాటి కంటే కిందకి రావాలని, అవతలి నీడను నమ్ముకోవద్దని అందులో స్పష్టంగా రాశారు. ఆయన దాన్ని మడిచి పక్కన పడేశారు.

"ముప్పై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్నా. నాకు చెప్పొచ్చారు!"

వైపుకి నాలుగు చొప్పున అంకెలు కత్తిరించారు. ఒక వైపు 2158 చక్కగా అంటుకుంది. తెరచాప తిప్పారు. పల్చటి గుడ్డ కదా, అవతలి అంకెలు నీడలా కనబడ్డాయి. గీతకు గీత, అంచుకు అంచు కలిపి కుట్టిన చేతులు ఊరుకుంటాయా? నీడ ఏ ఆకారంలో ఉంటే ఆ ముక్క తెచ్చి సరిగ్గా దాని మీదే అంటించారు. వెనక నుంచి చూస్తే రెండు అయిదవుతుందనీ, అయిదు రెండవుతుందనీ, వరస కూడా తిరగబడుతుందనీ ఆయనకు తట్టలేదు. భార్య ఎదురుగా కూర్చుని తెరచాప కొస పట్టుకుంది. ఆవిడకు అన్నీ తలకిందులే.

"చూశావా? ఒక్క ముక్క మిగల్లేదు. మిగల్లేదంటే కొలత తప్పలేదన్నమాట!"

అలా ఆ పడవకు కుడివైపు 2158, ఎడమవైపు 8215 అయి కూర్చుంది.

మూడింటికి పదకొండు పడవలు బయల్దేరాయి. నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన చివర నిలబడ్డ మాస్టారు ఆయన పడవ కుడివైపు చూసి 2158 అని రాసుకున్నారు. మొదటి చుట్టు తిరిగి పడవలన్నీ ఎడమవైపు చూపిస్తూ వెళ్ళిపోయాయి. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"2158 ఏదయ్యా?"

"పదకొండు వెళ్ళాయి, పదకొండూ తిరిగాయి కదా సార్!" అన్నాడు మోటారు బోటు డ్రైవరు.

"కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క సరైనట్టేనా? ఒకటి తప్పిపోయింది, ఒకటి దొంగతనంగా దూరింది. ఎవడో 8215 ట. వాడి పని తర్వాత పడతాను. ముందు నువ్వెళ్ళి మనిషిని వెతుకు!"

డ్రైవరు పరుగెత్తాడు. మాస్టారు మైకు అందుకుని, "2158 కనబడటం లేదు" అని గట్టు మీదికి ప్రకటించారు. బెంచీ మీద కూర్చున్న దర్జీ గారి భార్య ఒక్క గెంతు గెంతింది.

"అయ్యో, మా ఆయనండీ! పాడు సోఫా, నాకేం వద్దు. మనిషి ఇంటికొస్తే చాలు. పడవని పడగ్గదిలో పెట్టుకున్నా నోరెత్తను!"

ఈ మాట పదిమంది విన్నారు. వినాల్సినాయన మాత్రం అప్పుడు జలాశయం అవతలి కొసన ఉన్నారు, అదీ మూడో స్థానంలో! జన్మలో ఎన్నడూ ఎరగని స్థానం. లిస్టు ఖాయం, పడవ ఖాయం అనుకుంటుండగా మోటారు బోటు పక్కకొచ్చింది.

"మన పడవొకటి మునిగిందండీ! మనిషి నీళ్ళలో ఉన్నాడు, ఎక్కడైనా కనబడ్డాడా?"

దర్జీ గారు ముందున్న రెండు పడవల్ని చూశారు. కళ్ళ ముందు సోఫా మెదిలింది. ఏడుపొచ్చినంత పనైంది. "పాపం, ఎవరింటి మనిషో" అనుకుని పడవ తిప్పేశారు. అరగంట పాటు గొంతు పోయేలా అరుస్తూ మూలమూలా గాలించారు.

అందరికంటే ఆఖర్న ఒడ్డు చేరి, "దొరకలేదు మాస్టారూ! ఆయన భార్యాపిల్లలకి ఏం చెబుతాం?" అని భోరుమన్నారు.

భార్య మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి ఆయన్ని పట్టుకుంది. అంతలో గాలికి తెరచాప అటూ ఇటూ తిరిగింది. మాస్టారు అటు చూశారు, ఇటు చూశారు.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికామా!" అన్నాడు డ్రైవరు.

"రెండు నంబర్లున్నా ఒకటే, ఏదీ లేకపోయినా ఒకటే. పేరు కొట్టేస్తున్నా" అన్నారు మాస్టారు.

"కొట్టెయ్యండి చూద్దాం!" భార్య ఆయన మీదికి వెళ్ళింది. "ఎదుటి మనిషి ప్రాణం కోసం పందెం వదులుకున్నాడు మా ఆయన. ఆ పుస్తకంలో దానికేం రాయలేదా?"

మాస్టారు నిబంధనల పుస్తకం తిరగేశారు. రాసి ఉంది. సాయానికి వెళ్ళినవాడికి, వెళ్ళేముందు ఉన్న స్థానం ఇవ్వాలట.

"కానీ ఈయన వెతికింది ఈయన్నే కదా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఎవర్ని వెతకాలో పుస్తకంలో లేదయ్యా."

సాయంత్రం గోడ మీద లిస్టు అంటించారు. భార్య వేలు పెట్టి మరీ చదివింది. మూడో స్థానం, దర్జీ గారు. కారణం, తప్పిపోయిన దర్జీ గారి కోసం గాలింపు.

పడవ నంబరు రాయాల్సిన గడిని మాత్రం మాస్టారు ఖాళీగా వదిలేశారు.