బార్లో కోసం ప్రార్థన

శనివారం ఉదయం నవోమి వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. మామగారు దైవాశీర్వాదం గారి తెల్లపంచెలు ఉతికి, ఇస్త్రీ చేసి, మర్నాడు చర్చికి సిద్ధంగా పెట్టడం. కానీ అమెరికాలోని జెర్సీ సిటీలో వాళ్లుండే ఆ పొడుగాటి భవనానికంతటికీ బేస్‌మెంట్‌లో ఉన్నవి నాలుగే వాషింగ్ మెషీన్లు. ఒకటి నాణేలు మింగి ఊరుకుంటుంది. ఒకటి నీళ్లు వదలదు. ఇంకొకటి గుండీలు ఊడబెరుకుతుంది. నాలుగోది బంగారం. శనివారం ఆ బంగారం దక్కాలంటే తెల్లారకముందే బట్టల బుట్టతో కాపు కాయాలి.

అందుకే నవోమి శుక్రవారం సాయంత్రం ఒక పాపం చేసింది.

మూడో అంతస్తులో ఉండే డొరొతీ పుట్టి పెరిగింది ఇండియానాలో. ఏటా మే నెలాఖరున ఆవిడ లాండ్రీ గదిలో కాఫీ డబ్బా పట్టుకుని కూర్చుంటుంది. అక్కడి ఇండియానాపొలిస్ రేసులో పరుగెత్తే ముప్పై మూడు కార్లకీ అందులో చీటీలుంటాయి. ఒక క్వార్టర్, అంటే పావు డాలరు నాణెం, వేసి ఒక చీటీ తీసుకోవాలి. ఎవరి కారు గెలిస్తే వాళ్లకి ఏడాదిపాటు శనివారం ఉదయం నాలుగో మెషీన్.

"ఈ రేసు పంతొమ్మిది వందల పదకొండు నుంచీ ఉంది హనీ. యుద్ధాలప్పుడే ఆగింది. అప్పట్లో ట్రాకంతా ఇటుకలే. గెలిచినవాడు పాలు తాగుతాడు తెలుసా?" అంది డొరొతీ.

పాలు తాగే పందెంలో పాపం ఏపాటి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని నవోమి చీటీ తీసింది. దాని మీద, "ముప్పై మూడో స్థానం. బార్లో. చివరి వరుస," అని ఉంది.

చీటీ తీయడం తేలికే, దాచడమే కష్టం. దైవాశీర్వాదం గారు రేపల్లె మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరై, కొడుకు దగ్గర ఆరునెలలుండటానికి వచ్చారు. పిల్లలు గోళీలు గెలుచుకోవడం కూడా ఆయన దృష్టిలో జూదమే. పోయిన ఆదివారమే తెలుగు చర్చిలో నిలబడి, లాటరీ టికెట్ అంటే నరకానికి టికెట్టని చెప్పారు. ఆయన అడుగుల చప్పుడు వినబడేసరికి నవోమి కంగారులో చీటీని చేతికందిన డబ్బాలో దోపేసింది. అది వాగ్దానాల పెట్టె. బైబిలు వచనాల కార్డులుండే ఆ పెట్టెలోంచి ఆయన రోజూ పొద్దున ఒకటి తీసి చదువుతారు.

శనివారం పొద్దున ప్రార్థన వేళకు ముందే తీసేద్దామనుకుంది. పాలు పొంగాయి. స్టవ్ తుడిచి వచ్చేసరికి చీటీ మామగారి చేతిలో ఉంది.

"ఈ బార్లో ఎవరమ్మాయ్?" అన్నారాయన. నవోమి నోరు తెరిచేలోగా జవాబు కూడా ఆయనే చెప్పుకున్నారు. "ఆఁ, అర్థమైందిలే. మా రేపల్లె సంఘంలోనూ పేర్లు చీటీలు తీసి ఒకరికోసం ఒకరం ప్రార్థన చేసేవాళ్లం. నీకు ఈయన వచ్చాడన్నమాట."

నవోమికి అబద్ధమాడే అలవాటు లేదు. "అవునండి మావయ్యగారూ, నాకీయనే వచ్చాడు."

"ఏం చేస్తుంటాడు?"

"డ్రైవరండి."

"మరి చివరి వరుసేమిటి?"

"అందరికన్నా వెనక ఉన్నాడండి."

"ప్రాణానికేమైనా ప్రమాదమా?"

"ప్రమాదం ఉంటుందండి. రేపు మధ్యాహ్నానికి తేలిపోతుందంటున్నారు."

ఆయన కళ్లజోడు తీసేశారు. "మిషన్ ఆసుపత్రిలో కూడా అంతే. డాక్టర్లు ఆశ వదులుకున్నవాళ్లనే చివరి వరుసలో వేసేవాళ్లు. రేపటిదాకా నేను ఉపవాసం!"

ఆయన పాస్టర్ ఏసుపాదం గారికి ఫోన్ చేయడానికి వెళ్లగానే, నవోమి భర్త దేవకుమార్‌ని వంటింట్లోకి లాగి జరిగినదంతా చెప్పింది.

"ఏవండీ, మీరే చెప్పేయండి."

"నేనా? నీకు ఆయన మామగారొక్కటే. నాకు హెడ్మాస్టర్ కూడా," అన్నాడు దేవకుమార్.

ఈలోగా ఫోన్ మీద ఫోన్. క్వీన్స్‌లో ఇద్దరు, ఎడిసన్‌లో ఒక కుటుంబం బార్లో కోసం ఉపవాసం మొదలుపెట్టారు. "ప్రార్థన భారం ఉన్నదానివి, బట్టల సంగతి నేను చూస్తాలే," అని మామగారు బుట్ట తీసుకుని కిందికి వెళ్లి, వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చారు.

"కింద కూడా చీటీలు తీస్తున్నారమ్మాయ్! ఒక పెద్దావిడ డబ్బా పట్టుకుని కూర్చుంది. అమెరికావాళ్లకి భక్తి లేదంటారే! నేనూ కానుక వేసి ఒకటి తీశాను. నాకొచ్చినాయన మొదటి వరుస. ఆయనకి ప్రార్థన అంత అక్కర్లేదేమోలే."

నవోమి పక్కనున్న కుర్చీలో కూలబడింది.

ఆదివారం చర్చిలో ఏసుపాదం గారు కళ్లు మూసుకుని, "వెనకబడిన నీ బిడ్డ బార్లోని ముందుకు నడిపించు తండ్రీ," అని ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నవోమి. ఎటూ అడుగుతున్నారు, అడిగేదేదో గట్టిగానే అడగనీ అనుకుంది.

ఆరాధన అయ్యాక సంఘంలోని మణి అక్క పెద్ద గిన్నెతో ఎదురొచ్చింది. "పెరుగన్నం. పాపం, ఆ బార్లో భార్య ఏం తిన్నదో ఏమో. ఏ హాస్పిటల్?"

"హాస్పిటల్లో లేడక్కా."

"అయ్యో, అయితే ఇంటికి పంపించేశారా!" మణి అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పదండి, ఇక ఆలస్యం చేయకూడదు. ఎటు వెళ్లాలి?" అన్నారు ఏసుపాదం గారు.

నవోమికి ఇక నిజం తప్ప మరో దారి మిగల్లేదు. "ఆయన సంగతి మా బిల్డింగ్ కింద తెలుస్తుందండి," అంది.

కార్లన్నీ బయల్దేరాయి. లాండ్రీ గది తలుపు తీసేసరికి రేడియోలో ఇంజన్ల హోరు. మెషీన్ మీద కూర్చున్న డొరొతీ ఎగిరి గంతేసింది. "నవోమీ! నీ బార్లో పద్నాలుగో స్థానంలోకి వచ్చేశాడు!"

బైబిలు పట్టుకుని పాస్టరుగారు, గిన్నె పట్టుకుని మణి అక్క నిలబడిపోయారు. దైవాశీర్వాదం గారు మెల్లగా కోడలి వైపు తిరిగారు.

"కారు పందెమండి మావయ్యగారూ," అంది నవోమి. "మీ పంచెలు ఉతకడానికి మంచి మెషీన్ వస్తుందని నేనే కాశాను. తప్పే."

ఆయన ఏదో అనబోయారు. సరిగ్గా అప్పుడే రేడియోలో టైర్లు కీచుమన్నాయి. ఎవరి కారో గోడకు కొట్టుకుందని వ్యాఖ్యాత కేకలేశాడు.

"ఎవరూ? మన బార్లోనా?" అన్నారు దైవాశీర్వాదం గారు.

బార్లో కాదు. కొట్టుకున్నవాడు కూడా లేచి నడుస్తున్నాడట. ఆయన బట్టల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నారు. "పేరుపెట్టి మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదలకూడదు. నీ సంగతి తర్వాత చూస్తాను. ఆ రేడియో కాస్త పెంచమను."

ఇక ఎవరూ కదల్లేదు. పెరుగన్నం డొరొతీకీ అందింది, ఆవిడ రెండోసారి కూడా పెట్టించుకుంది. బార్లో ఒక్కొక్కరినీ దాటినప్పుడల్లా పాస్టరుగారు స్తోత్రం అన్నారు. చివరికి తొమ్మిదోవాడిగా, క్షేమంగా గీత దాటాడు. నవోమికి మెషీన్ పోయింది. అయినా ముప్పై మూడు నుంచి తొమ్మిదికి రావడం ఆమెకి ఎందుకో తన సొంత విజయంలాగే అనిపించింది.

"మరి గెలిచిన కారు చీటీ ఎవరి దగ్గరుంది?" అని డొరొతీ అందరి ముఖాలూ చూసింది.

దైవాశీర్వాదం గారు లాల్చీ జేబు తడుముకుని, చీటీ మడత విప్పి చూశారు. గెలిచింది, ప్రార్థన అంత అక్కర్లేదనుకున్న ఆ మొదటి వరుసాయనే.

"సార్ గెలిచారు!" అని డొరొతీ చప్పట్లు కొట్టింది. పాస్టరుగారికి దగ్గొచ్చింది. నవోమి పైకప్పు కేసి చూసింది.

"నేను పందెం కాయలేదమ్మాయ్. కానుక వేశాను," అన్నారాయన.

"అవునండి మావయ్యగారూ."

"అయినా ఆవిడ అంత అభిమానంగా ఇస్తుంటే వద్దనడం మర్యాద కాదు. నీ సంగతి కూడా ఇంతటితో వదిలేస్తున్నాను."

మరుసటి ఆదివారం చర్చిలో దైవాశీర్వాదం గారి పంచె మల్లెపువ్వులా ఉంది. లాటరీ టికెట్ల ప్రసక్తి మాత్రం రాలేదు.