దీపం అబద్ధం చెప్పదు

ఆ ఉదయం ఆయన పథకం చాలా చిన్నది. పదింటికి మ్యూజియం అధికారిణి వస్తుంది, ఆయన దగ్గరున్న యుద్ధకాలపు బెల్టు చూస్తుంది, ఆహా అంటుంది, తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెడుతుంది, పెట్టె కింద ఇత్తడి పలక మీద ఆయన పేరు చెక్కిస్తుంది. ఇందులో ఇంకొకరు చెయ్యాల్సిన పనేమీ లేదు కాబట్టి ఇంట్లో అందర్నీ పొద్దున్నే నోరు మూసుకోమన్నాడు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయిన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దుకాణాల్లో తప్పుడు తూకంరాళ్లు పట్టుకున్నాడు. తర్వాత ఆ దురద తీరే దారి లేక రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనికుల వెబ్బింగ్ సేకరణలో పడ్డాడు. వెబ్బింగ్ అంటే మరేం లేదు, మందపాటి నూలుతో నేసిన బెల్టులు, భుజం పట్టీలు, తూటాల సంచులు, వీపు సంచులు. అవి పోగేసే వాళ్లకి ఒక సంఘం ఉంది. ఏది అసలో ఏది నకిలీయో ఆ సంఘానికి తేల్చి చెప్పేది ఈయనే. అందుకు ఊదారంగు కాంతి చిమ్మే చిన్న చేతిదీపం ఒకటి పెట్టుకున్నాడు. ఈ కాలపు నూలయితే ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది, ఆ కాలపు నూలు మొద్దులా పడి ఉంటుంది. మెరిస్తే నకిలీ, ఇక అప్పీలు లేదు. "దీపం అబద్ధం చెప్పదు" అని ప్రతి మీటింగులోనూ అంటాడు. వినీ వినీ విసుగెత్తి సభ్యులు ఆయన్ని వెనకాల దీపంగారు అంటారు.

నాలుగేళ్ల కిందట ఆ దీపంతోనే సొంత బావమరిది తెచ్చిన వీపు సంచిని నకిలీ అని తేల్చాడు. తేల్చి ఊరుకున్నాడా? సభ నిండా జనం ఉండగా "నాకు పిల్లనిచ్చిన వాళ్లే దొంగ సరుకు అంటగడతారా?" అని అరిచి, అతన్ని సంఘంలోంచి గెంటించాడు. లిఫ్టులు బాగుచేసుకు బతికే ఆ బావమరిది అప్పట్నుంచీ అక్క గడప తొక్కలేదు. ఉండేది రెండు వీధుల అవతలే. అక్కా తమ్ముడూ మాట్లాడుకోవాలంటే కూరల బజారే గతి. ముసలి తల్లి కొన్నాళ్లు కొడుకు దగ్గరా కొన్నాళ్లు కూతురి దగ్గరా ఉంటూ, ఇద్దరినీ ఒక గదిలో చూడకుండానే పోతానేమో అని బెంగపెట్టుకుంది. ఒక గుడ్డసంచి కోసం ఇంత పని చేసిన మనిషిని ఏమనాలి? నాకు తోచిన మాటలు అచ్చులో పడేవి కావు.

సరే, వెలుగు తిరిగి కొట్టకుండా ముదురు రంగు స్వెటర్ వేసుకుని, కర్టెన్లు దగ్గరకు లాగి, చివరిసారి చూసుకుందామని పెట్టెలోంచి బెల్టు తీశాడు. దీపం వేశాడు. బెల్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నీలంగా భగ్గుమంది.

"ఏమే! ఇలా రా! నా కొంప మునిగింది!"

భార్య పరుగెత్తుకొచ్చింది. వెనకే అత్తగారు వచ్చారు.

"ఇది నా బెల్టు కాదు. ఎవడో మార్చేశాడు. చూడు, రంగు వెలిసినట్టుంది. మెత్తబడింది. పాత వాసన లేదు, పూల వాసనొస్తోంది. లోపల బ్రిటిష్ సర్కారు వేసే బాణం గుర్తూ సంవత్సరమూ ఉండాలా, అక్కడ ఏదో మసక! ముద్ర సరిగ్గా వెయ్యడం కూడా చేతకాని దొంగ!"

"అల్లుడుగారూ, ఆ బెల్టు నేను..." అన్నారు అత్తగారు.

"అత్తయ్యగారూ, మీరు మధ్యలో రాకండి. ఇది మీకు తెలిసే విషయం కాదు."

ఆమె నోరు మూసుకున్నారు. పొద్దున్నే అందిన ఆజ్ఞ కదా.

"ఎవరు మారుస్తారండీ, ఇంట్లో మనమేగా ఉన్నాం?" అంది భార్య.

"నిన్న నేను క్షవరానికి వెళ్లినప్పుడు తలుపు తీసిందెవరు? నువ్వు! వచ్చిందెవడు? ఇంకెవడు, నీ తమ్ముడే అయ్యుంటాడు! నాలుగేళ్లు కడుపులో పెట్టుకుని ఇవాళ కసి తీర్చుకున్నాడు."

భార్య మొహం ఎర్రబడింది. "నేను తలుపు తీసి దొంగతనం చేయించానంటారా?"

"దీపం అబద్ధం చెప్పదు."

"ఆ దీపం నోట్లో మన్ను పడ!" అనేసి ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆయన ఫోన్ తీశాడు. బావమరిదిని దొరికిన తిట్టల్లా తిట్టాడు. అంతటితో చల్లారితే ఆయన దీపంగారు ఎలా అవుతాడు? సంఘం వాట్సాప్ గ్రూపులో, "నా బెల్టు దొంగిలించబడినది. దొంగ మా బావమరిది. రుజువులున్నవి" అని పెట్టాడు. పొద్దున్నే పని లేని సభ్యులు వరసగా బొటనవేళ్లు చూపించారు. పక్కనే నిలబడి అత్తగారు, "బాబూ, ఒక్క మాట వినండి" అని ఇంకోసారి అన్నారు. ఆయన చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నాడు. తర్వాత వెళ్లి బీరువాలోంచి తెల్లచొక్కా తీసి స్వెటర్ బదులు తొడుక్కున్నాడు. కొంప మునిగినా అతిథి వస్తోందన్న స్పృహ మాత్రం పోలేదు.

బెల్ మోగింది. తలుపు తీస్తే మ్యూజియం అధికారిణి, ఆవిడ పక్కనే బావమరిది. ఇద్దరూ ఒకే లిఫ్టులో వచ్చారు. బావమరిది భుజాన అదే సంచి. ఇప్పుడు అందులో పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్నాయి.

"ఎవడు దొంగ బావా? నా మొహం మీద చెప్పు!"

"నువ్వే! నా బెల్టు ఎక్కడ పెట్టావురా?"

"నీ బెల్టుతో నాకేం పని? ఉరేసుకోడానికా?"

వాళ్లు అరుచుకుంటూ ఉండగా అధికారిణి బల్ల దగ్గరకెళ్లి భూతద్దంతో బెల్టు చూశారు. బకిల్ చూశారు, అల్లిక చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది అసలైన బెల్టే. కానీ దీన్నెవరో ఉతికారు."



"అదేనమ్మా నేను పొద్దుట్నుంచీ చెప్పబోతున్నాను. నిన్న ఈయన క్షవరానికి వెళ్లినప్పుడు నేనే ఉతికాను" అన్నారు అత్తగారు. "పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు కదా, కంపు కొడుతుంటే అల్లుడికి నామర్దా అని, ఈయన చొక్కాతో పాటే నానేశాను. కొత్త పొడి. మంచి నురగ."

"ఇప్పటి సబ్బుపొడుల్లో బట్ట తెల్లగా కనబడేలా ఒక మందు కలుపుతారండీ. అది నూలుకి పట్టుకుంటే ఎంత పాత గుడ్డయినా ఆ దీపం కింద వెలుగుతుంది" అన్నారు అధికారిణి. "ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది."

ఆయనకి తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు.

వంటింటి గుమ్మంలో భార్య గరిటెతో అలాగే నిలబడిపోయింది. "అంటే... వీడి సంచి..." అంది మెల్లగా. "ఆ మీటింగు ముందు రోజు వీడు సంచి ఇక్కడే వదిలి వెళ్లాడు. మట్టి కొట్టుకుపోయి ఉంది. అంత మందిలో నా తమ్ముడు చులకనైపోతాడని పైపైన నేనే రుద్ది ఆరేశాను." ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. "నాలుగేళ్లు! మాయమ్మ ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారు. ఒక్కసారి, ఒక్కసారి ఎవరైనా ఉతికారా అని అడిగితే మీ సొమ్మేం పోయేది?"

బావమరిది పానాలన్నీ బల్ల మీద గుమ్మరించి సంచి అధికారిణి చేతికిచ్చాడు. ఆవిడ మూత తిప్పి చూశారు. లోపల బాణం గుర్తు, 1941, దాని పక్కన ఎవరో సైనికుడు సిరాతో రాసుకున్న నంబరు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"బెల్టు ముద్ర చెరిగిపోయింది, క్షమించండి, తీసుకోలేను" అన్నారు ఆవిడ. "ఈ సంచి ఇస్తారా? ఇత్తడి పలక మీద మీ పేరు వేస్తాం."

"మా అక్క పేరు వెయ్యండి. ఉతికింది ఆవిడే" అన్నాడు బావమరిది. అంతవరకూ బిగబట్టుకున్న తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"మీరు గ్రూపులో క్షమాపణ పెట్టండి. ఇప్పుడే. నా ముందే" అంది భార్య. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ఆయన మారుమాట్లాడకుండా ఫోన్ తీసి టైపు చెయ్యడానికి బల్ల మీదికి వంగాడు. అక్కడ దీపం ఆర్పకుండా వదిలేసింది ఆయనే. కాలరు నుంచి కఫ్‌ల దాకా చొక్కా నీలంగా ధగధగలాడిపోయింది.

"దీపం అబద్ధం చెప్పదు కదా బావా" అన్నాడు బావమరిది.

"చూశారా, ఎంత తెల్లగా వచ్చిందో!" అన్నారు అత్తగారు సంబరంగా.

అలా వెలిగినదాన్ని సంఘంలో ఉండనివ్వకూడదన్న నిబంధన ఆయన రాసిందే.