కుడి చక్రం కాస్త బయటికి

మంచి రోడ్డు మనిషిని సోమరిని చేస్తుంది. ఈ మాట నేను సరదాకి అనడం లేదు.

గన్నవరం ఎయిర్‌పోర్టుకి పోయే హైవే చూడండి. స్టీరింగ్ మీద ఒక్క వేలు ఆనించి, ఫోన్లో వియ్యంకుడితో మాట్లాడుతూ, జంతికలు నములుతూ పోతున్నారు జనం. అదీ ఒక డ్రైవింగేనా? మెదడుకి పనేది? నడుముకి కసరత్తేది? దేవుణ్ని తలుచుకునే సందర్భమేది?

అదే వంకర రోడ్డైతే మామూలు మనిషిని కూడా శాస్త్రజ్ఞుణ్ని చేసి కూర్చోబెడుతుంది. నమ్మరా? అయితే మా బావగారి సంగతి వినాల్సిందే.

మా చెల్లెలు ఛాయాదేవి భర్త వెంకటకృష్ణారావు గారికి ఉయ్యూరులో ఎరువుల కొట్టు ఉంది. ఉండేది మాత్రం ఉయ్యూరుకి అవతల, కాలవ గట్టు మీది ఒక ఊళ్లో. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే పర్యాటకులు ఎగబడతారు! మా చెల్లెలు కూచిపూడిలో నాట్యం నేర్చుకుంది. ఇప్పుడు ఇంటి వసారాలో ఊరి ఆడపిల్లలకి నేర్పుతోంది.

ఆ ఊరి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కాలంటే కాలవ గట్టు మీద నుంచి ఒకటే దారి. చెరకు ట్రాక్టర్లు తొక్కీ తొక్కీ, వానలకి గట్టు జారీ జారీ, రోడ్డు మొత్తం కాలవ వైపుకి ఒరిగిపోయింది. ఊరి నుంచి బయల్దేరితే కాలవ ఎడంపక్క. స్టీరింగ్ కాస్త వదిలారా, కారు తనంతట తనే వెళ్లి నీళ్లలోకి తొంగి చూస్తుంది.

తెలివితక్కువవాడైతే ఏం చేస్తాడు? రోడ్డు బాగుచేయండి మహాప్రభో అని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. మా బావగారు అలాంటి మనిషి కాదు. ఫోన్లో వీడియోలు చూశారు. చూసి, ఒకరోజు పొద్దున్నే ఛాయని కూడా వెంటబెట్టుకుని బెజవాడలో మా ఇంటికొచ్చారు.

"బావగారూ, కాంబర్ అంటే ఏంటో తెలుసా మీకు?"

"తెలీదండీ."

"చక్రం వాలు! కారుని ముందు నుంచి చూస్తే చక్రం నిటారుగా ఉందా, దాని పైభాగం లోపలికి వాలిందా, బయటికి వాలిందా, అదీ కాంబరంటే. దాన్ని సరిచేస్తే బండి చెప్పిన మాట వింటుంది. పదండి ఆటోనగర్‌కి!"

పదహారణాల విద్యార్థిలా వెంట వెళ్లాను. అక్కడ అలైన్‌మెంట్ షాపు నడిపే సురేష్ అనే ఆయన, బావగారి కష్టం విని ఎంతో ఉత్సాహపడ్డాడు.

"సింపుల్ సార్! పైభాగం ఏ చక్రానిది ఎక్కువ బయటికి వాలితే బండి అటు లాగుద్ది. మీ రోడ్డేమో ఎడమకి లాగుతోంది. కుడి చక్రం కాస్త బయటికి వాలుద్దాం. రోడ్డు అటు, చక్రం ఇటు. మధ్యలో మీరు బాణంలా పోతారు! ఇంతకీ కాలవ ఎటుపక్క సార్?"

"ఎడంపక్కే," అన్నారు బావగారు.

"ఎడంపక్కే," అని నేనూ సాక్ష్యం చెప్పాను.

పని పూర్తయింది. ముగ్గురం కారెక్కాం. బందరు రోడ్డు మీదకి రాగానే కారు మధ్యలో ఉన్న డివైడర్ వైపుకి లాగడం మొదలుపెట్టింది. బావగారు రెండు చేతులతో స్టీరింగ్‌ని ఎడమకి బిగబట్టి చెమటలు కక్కుతున్నారు. ముఖంలో మాత్రం చిరునవ్వు!

"ఇది మంచి రోడ్డు కదండీ. ఇక్కడ దీని విలువ తెలీదు. మన రోడ్డు ఎక్కనివ్వండి, చూద్దురుగాని!"

మన రోడ్డు ఎక్కాం. అప్పుడు తెలిసింది, ఒక చిన్న విషయం మేమెవరం ఆలోచించలేదని. ఊరి నుంచి బయల్దేరినప్పుడు ఎడంపక్క ఉండే కాలవ, ఊరికి తిరిగొచ్చేటప్పుడు కుడిపక్కకి వస్తుంది! ఇప్పుడు రోడ్డూ కుడికే లాగుతోంది, చక్రమూ కుడికే లాగుతోంది. ఇంత ఐకమత్యం నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో కూడా చూడలేదు.

"ఏమండీ, ఇటు తిప్పండి!" వెనక సీట్లోంచి అరిచింది ఛాయ.

"తిప్పుతూనే ఉన్నాను!"

అంతే. తూము దగ్గర కారు గట్టు దిగి, నెమ్మదిగా, మర్యాదగా కాలవలోకి వెళ్లిపోయింది. కృష్ణ నీళ్లు వదిలిన రోజులు. నిండుగా ఉంది. ముక్కు తూము గోడకి తగిలి కారు ఆగబట్టి గానీ, లేకపోతే ఈ కాలమ్ మీరు చదివేవారు కాదు. నీళ్లు సీట్ల దాకా వచ్చేశాయి. నా పక్క తలుపు ఎంత తోసినా రాలేదు.

వెనకే వస్తున్న ఆ ఊరి ఆటో బసవయ్య చూసి నీళ్లలోకి దూకాడు. గట్టు వైపు వెనక తలుపు లాగి ముందు ఛాయని, తర్వాత మమ్మల్ని బయటికి తీశాడు. గట్టు మీద కూర్చున్నాక ఛాయ కుడి మణికట్టు పట్టుకుని నా వంక చూసింది.

"అన్నయ్యా, వేళ్లు కదలడం లేదురా."

చిన్నప్పుడు ఆ వేళ్లతోనే హంసాస్య ముద్ర పట్టి, "ఇలాగేనా అన్నయ్యా?" అని నా ముఖం ముందు ఆడించేది. ఆసుపత్రిలో ఎముక విరిగిందన్నారు. కట్టు కట్టారు.

ప్రమాదం కదా, సంబంధిత శాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. రోడ్డు చూడలేదు. కారు చూశారు. చూసి తల పంకించారు.

"చక్రం కాంబర్ తప్పుగా ఉందండీ. మా రోడ్డులో లోపం లేదు."

"రోడ్డు కాలవలోకి ఒరిగిపోయిందండీ," అంది ఛాయ.

"అది ఒరగడం కాదమ్మా. రోడ్డుకి కూడా కాంబర్ ఉంటుంది. వాన నీరు నిలవకుండా వాలు ఇస్తాం. ఇక్కడ కొంచెం ధారాళంగా వచ్చింది, అంతే."

మా బావగారికి ఆనందం ఆగలేదు. "విన్నావా ఛాయా? ఆయన కూడా కాంబర్ గురించే చెబుతున్నారు!"

కారు బాగుపడి వచ్చింది. ఇక్కడైనా బావగారు చక్రాన్ని నిటారుగా పెట్టించుకుంటారని మీరు అనుకుంటున్నారు. ఎంత అమాయకులండీ! ఆయన పరిశోధనలో తేలిందేమిటంటే, తప్పు చక్రంలో లేదు, తిరిగొచ్చే పద్ధతిలో ఉంది. కారుని రివర్స్‌లో తెస్తే కాలవ మళ్లీ ఎడంపక్కే ఉంటుంది కదా! పొద్దున్న ముందుకి, సాయంత్రం వెనక్కి. రెండు వైపులా బాణమే!

నిజంగానే పనిచేసింది. ఊళ్లో కార్లున్న వాళ్లంతా ఆటోనగర్ వెళ్లి కుడి చక్రాలు వాల్పించుకొచ్చారు. సాయంత్రం కాగానే మెయిన్ రోడ్డు మలుపు దగ్గర కార్లన్నీ వెనక్కి తిరిగి, వరసగా, రాజుగారి సన్నిధి నుంచి వీపు చూపకుండా తప్పుకునే సేవకుల్లా ఊళ్లోకి వెళుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు. బసవయ్య ఆటోకి ముందున్నది ఒకటే చక్రం. దాన్నెలా వాల్చాలో తెలియక తనే కుడిపక్కకి వాలి కూర్చుని నడపడం నేర్చుకున్నాడు.

చెప్పండి, తిన్నని రోడ్డు ఉంటే ఇన్ని ఆవిష్కరణలు జరిగేవా?

మా చెల్లెలికి మాత్రం శాస్త్రదృష్టి తక్కువ. ఒకరోజు చేతికి కట్టుతోనే తన నాట్యం క్లాసుని వసారాలోంచి తీసుకెళ్లి ఆ రోడ్డు మధ్యలో పెట్టింది. పిల్లలు అడుగులు వేస్తుంటే వరస మొత్తం కాలవ వైపుకి జరుగుతోంది. ట్రాక్టర్లు ఆగిపోయాయి. హారన్లు మోగాయి. బావగారు తల పట్టుకున్నారు.

"ఛాయా, నలుగురిలో ఏంటిది? లోపలికి పద."

"నేను రాను. మీరు కావాలంటే రివర్స్‌లో వెళ్లండి."

ఆ అధికారే మళ్లీ వచ్చారు. ఛాయ, కూచిపూడి తరంగంలో అంచుల మీద నిలబడి ఆడే ఇత్తడి పళ్లేన్ని తీసి, ఎడంచేత్తో రోడ్డు నడుమ అంచు మీద నిలబెట్టి వదిలింది. పళ్లెం దొర్లుకుంటూ ఆయన బూట్ల పక్క నుంచి పోయి కాలవలో పడింది.

"మీ కాంబర్ చాలా బాగుందండీ," అంది.

పిల్లలు నవ్వారు. ట్రాక్టర్ల వాళ్లు నవ్వారు. ఎవరో ఫోన్లో తీసి ఊరూరా పంపారు. ఆ నవ్వే పనిచేసిందో ఏమో, దసరా వెళ్లాక గట్టుకి రాయి కట్టి, రోడ్డు లేపి, బల్లపరుపుగా తారు వేశారు.

ఛాయ ఆ రోజు చెప్పులు వదిలి ఆ రోడ్డు మీద ఊరి చివరిదాకా నడిచి వచ్చింది. ఊళ్లో మిగతా అందరూ కార్లెక్కారు. ఎక్కగానే గగ్గోలు! కొత్త రోడ్డు కుడికి లాగేస్తోందట!

"రోడ్డు లాగడం లేదండీ. మీ చక్రం లాగుతోంది," అంది ఛాయ.

"ఊళ్లో అన్ని కార్లూ కుడికే లాగుతుంటే తప్పు కార్లదెలా అవుతుంది? రోడ్డే వంకరగా వేశారు!" అన్నారు బావగారు. ఊరు ఊరంతా ఔనంది. ఆఫీసుకి ఫోన్ వెళ్లింది.

రోడ్డు బాగాలేదన్నప్పుడు ఏళ్ల తరబడి పలకని ఆఫీసు, రోడ్డు బాగుందన్న ఫిర్యాదుకి మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ పంపింది! పాత వాలు మళ్లీ తెప్పిస్తారట. ఎంత స్పందన! ఎంత వేగం!

కట్టు అప్పుడప్పుడే విప్పిన చేతిని చాపి ఛాయ దాని ముందు నిలబడింది. ఊరంతా కూడా నిలబడింది, పొక్లెయిన్ వెనక. నేను ఎటు నిలబడాలో కాసేపు తేల్చుకోలేక, చివరికి వెళ్లి చెల్లెలి పక్కన నిలబడ్డాను. బసవయ్య కూడా ఆటో ఆపి వచ్చాడు.

"అమ్మా, తప్పుకోండమ్మా. పైనుంచి చెప్పారు," అన్నాడు డ్రైవరు.

ఛాయ అతని వంక చూడలేదు. బావగారిని చూసింది. "ముందు మీ చక్రం తిన్నగా చేయించుకు రండి. అప్పటికీ కుడికి లాగితే నేనే దగ్గరుండి తవ్విస్తాను."

బావగారు ఆ చేతిని చూశారు. సన్నబడిపోయి ఉంది. వేళ్లింకా పూర్తిగా చాచుకోవడం లేదు. కారెక్కి బెజవాడ వెళ్లారు. సాయంత్రం తిన్నగా, ముందుకే నడుపుకుంటూ ఇల్లు చేరారు. వారం తిరిగేలోపు ఊళ్లో కార్లన్నీ ఆయన దారే పట్టాయి. రోడ్డు బతికింది.

ఇక అంతా సుఖమే కదా అని నేను అధికారిగారికి ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు.

"మీకేమండీ, సుఖంగా చెబుతారు. తవ్వమని ఆర్డర్ వచ్చాక తవ్వకుండా ఎలా? మిషను ఖాళీగా పెట్టలేం కదా! అందుకని పక్క ఊరి రోడ్డు తవ్వేశాం."

పక్క ఊరి రోడ్డు నిక్షేపంలా ఉండేది. ఇప్పుడది కూడా కాలవ వైపుకి వాలింది. నిన్న ఆ ఊరి వాళ్లు పదిమంది కలిసి మా బావగారి దగ్గరికి వచ్చారట. కుడి చక్రం ఎంత వాల్చాలో అడిగి తెలుసుకుని, కాఫీ తాగి వెళ్లారట.

రోడ్డు ఎవరు తవ్వమన్నారని మాత్రం ఒక్కరూ అడగలేదట.