పైవన్నీ

తెనాలి పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల నీళ్లున్న ఊళ్లకూ, లేని ఊళ్లకూ కూడా శుభవార్త. శ్రీ రంగనాయక సాహస విద్యాపీఠం వారు ఆరుబయట సాహసాలకూ, దివ్యాంగుల జలక్రీడలకూ నాయకత్వం వహించే యువతను తయారుచేసే కోర్సు పెట్టారు. ఎక్కడంటే, టిఫిను హోటలు మీద రెండో అంతస్తులో. కింద ఇడ్లీ ఆవిరి, పైన సాహసం. మెట్లు బాగా నిటారుగా ఉండేవి కాబట్టి, పైకొచ్చినవాళ్లందరికీ పర్వతారోహణ పూర్తయినట్టే రాసుకున్నారు.

అంతంత మెట్లు దివ్యాంగులు ఎలా ఎక్కుతారని ఎవరైనా అడుగుతారేమోనని కరస్పాండెంటు రంగనాయకులుగారు ప్రారంభోత్సవంలోనే జవాబిచ్చేశారు. "వారు ఎక్కనక్కర్లేదండి! వారికి సేవ చేసేవాళ్లు ఎక్కితే చాలు!" చప్పట్లు మోగాయి. దివ్యాంగులు అని గౌరవంగా అన్నాక ఇంకేం చేయక్కర్లేదని ఆ సభలో అందరికీ తెలుసు.

నీటి విభాగానికి అధిపతి వెంకటరాఘవయ్య మాస్టారు. జీవితమంతా పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పుష్కరాలకు వెళ్లి కూడా గట్టున నిలబడి, చెంబుతో నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుని వచ్చిన జాగ్రత్తపరుడు. అలాంటివారి చేతిలో పిల్లలెంత భద్రంగా ఉంటారో వేరే చెప్పాలా? ఆయన ఈత మొత్తాన్నీ బిట్ బ్యాంకుగా కుదించేశారు. అందులో నాలుగో ప్రశ్న ఇది. "మునిగిపోవుచున్న వ్యక్తి కనబడినచో నాయకుడు ఏమి చేయవలెను? ఎ. కేకలు వేయవలెను. బి. తాడు విసరవలెను. సి. బయటకు లాగవలెను. డి. పైవన్నీ." పైవన్నీ ఉన్నచోట పైవన్నీ పెట్టేయాలన్నది మన పిల్లలకు ఎల్‌కేజీలోనే అబ్బే విద్య. అందరికీ నూటికి నూరు వచ్చాయి. ఇక అభ్యాసమంటారా, బెంచీల మీద బోర్లా పడుకుని కాళ్లూ చేతులూ ఆడించడం. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే కాలువ, జోరుగా తిరిగితే సముద్రం.

నాయకులు తయారయ్యారు సరే, వాళ్లు నడిపించడానికి ఒక మనిషి కావాలిగా. ఆ సమయానికి దీప్తి వచ్చింది.

దీప్తిది అడవులదీవి. తండ్రి సముద్రం మీద వేటకు పోతాడు, తల్లి గంగరత్నం చేపలమ్ముతుంది. ఆ ఊరి పిల్లలు నడక రాకముందే నీళ్లలో పడతారు. దీప్తి ఎడమకాలు పుట్టుకతోనే సన్నం కావడంతో ఆమెను మాత్రం గట్టున కూర్చోబెట్టి పెంచారు. తమ్ముళ్లు నీళ్లలో కేరింతలు కొడుతుంటే వాళ్ల చొక్కాలకు కాపలా ఉండటం ఆమె ఉద్యోగం. "నన్నూ దింపవే అమ్మా" అని అడిగినప్పుడల్లా, "గట్టుమీదే మొయ్యని కాలు నీళ్లలో మోసుద్దా?" అని గంగరత్నం కసిరేది. నీళ్లలో మోసేది కాలు కాదు, నీళ్లేనని దీప్తి ఫోన్లో ఎక్కడో చూసింది. అప్పట్నుంచీ ఆమెకు ఒకటే కోరిక. కింద నేల లేకుండా ఉండటమంటే ఏంటో ఒక్కసారి తెలుసుకోవాలి.

రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, ఆ మెట్లన్నీ కూర్చుని ఒక్కొక్కటే జరుగుతూ పైకొచ్చి, "కోర్సులో చేరాలండి" అంది.

మాస్టారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు. "నువ్వు చేరకూడదు తల్లీ. నువ్వు సిలబస్సులో ఉన్నావు. సిలబస్సులో ఉన్నవాళ్లే వచ్చి క్లాసులో కూర్చుంటే ఎలా చెప్పు?"

"పోనీ, నీళ్లలోకన్నా దింపుతారా సార్?"

"ఉత్త నీళ్లేంటమ్మా, సముద్రంలోకే దింపుతాం."

వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన గంగరత్నం అందుకుంది. "దింపుతారు బాబూ, బానే ఉంది. తీయడం వచ్చా మీకు?"

"నాలుగో ప్రశ్న" అన్నారు మాస్టారు, ధీమాగా.

మొదటి ప్రాక్టికల్ మే నెలలో, రేపల్లె పక్క కాలువలో. ఎండాకాలం కాలువలు కట్టేస్తారని ఆ ప్రాంతంలో మేకలకు కూడా తెలుసు. అయినా పరీక్షలయ్యాకే ప్రాక్టికల్ పెట్టాలని రూలు. రూలు ముందు కాలువెంత? నెర్రెలిచ్చిన మట్టిలో పడవ దించారు. కృష్ణతేజ అనే విద్యార్థి నాయకుడు ముందు నిలబడి "ఎడమ తెడ్డు! కుడి తెడ్డు!" అని అరుస్తుంటే మిగతావాళ్లు చెమటలు కక్కుతూ గాలిని వెనక్కి తోశారు. మధ్యలో లైఫ్ జాకెట్టుతో, దాని మీద బంతిపూల దండతో దీప్తి.

"నీళ్లేవండీ?" అని అడిగింది.

"ముందు క్రమశిక్షణ. ఆనక నీళ్లు" అన్నారు మాస్టారు గట్టుమీంచి, గొడుగు కింద.

ఒక గేదె వచ్చి పడవ నీడన పడుకుంది. ఒక్కరూ మునగకుండా ప్రాక్టికల్ ముగిసినందుకు రంగనాయకులుగారు పిల్లలను పేరుపేరునా అభినందించారు.

ముగింపు ఉత్సవం బాపట్లలో, సూర్యలంక తీరాన. ఫోటోల్లో సముద్రం పడాలని వేదికను నీళ్లకు వీపు పెట్టి కట్టారు. వేదికకు బ్యానరు కట్టారు. బ్యానరు మీద పెద్దల మొహాలన్నీ పట్టాలి గనక సముద్రం పట్టలేదు. దీప్తికి శాలువా కప్పి వేదిక మీద ఓ పక్కన కూర్చోబెట్టారు. శాలువా మంచి ఉన్నిది. జూన్ నెల.

"దీప్తిగారు నీటిలో దిగకుండానే మనందరినీ కన్నీటిలో ముంచారు!" అన్నారు రంగనాయకులుగారు మైకులో. ముందు వరసలోని అమ్మలక్కలు కళ్లు తుడుచుకున్నారు.

దీప్తి కృష్ణతేజను సైగ చేసి పిలిచింది. "ఎప్పుడు దింపుతారు తమ్ముడూ?"

"ఇంకా చాలామంది మాట్లాడాలక్కా. తర్వాత సన్మానాలు, తర్వాత భోజనాలు. ఆపైన అలలు పెద్దవైపోతాయిగా, రిస్కు. సార్ ఇందాకే దింపినట్టు రాసేశారులే, నువ్వేం కంగారుపడకు."

బ్యానరు వెనక నుంచి సముద్రం హోరు వినబడుతూనే ఉంది. దీప్తి శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. "అమ్మా, చెయ్యి."

ఇన్నేళ్లూ వద్దన్న గంగరత్నం ఒకసారి మైకు వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. "పద. ఈళ్ల మాటల్లో మునిగేకంటే అదే నయం."

తల్లీకూతుళ్లు వేదిక వెనగ్గా దిగి వెళ్లారు. దీప్తి తడి ఇసకలో కూర్చుని, వెనక్కి జరుగుతూ జరుగుతూ నీళ్లలోకి వెళ్లింది. గంగరత్నం మోకాలి లోతులో నిలబడి ఆమె నడుం కింద చెయ్యి వేసింది. అల వచ్చి ఎత్తింది.

"అమ్మా! కాలు బరువు లేదే!"

"ఏ కాలే?"

"ఏదో తెలీట్లేదే అమ్మా!"

గంగరత్నం భుజంతో మొహం తుడుచుకుంది. కళ్లలో ఉప్పునీళ్లు పడ్డాయనుకుందాం.

సరిగ్గా అప్పుడే గాలికి బ్యానరు లేచింది. పెద్దల మొహాలన్నీ పక్కకు తప్పుకుని, సభకు సముద్రమూ, సముద్రంలో దీప్తీ కనబడ్డారు. "మునిగిపోతోంది!" అని ఎవరో కేక పెట్టారు. నాలుగో ప్రశ్న! చదివిన చదువు ఎక్కడికి పోతుంది? పిల్లలు పైవన్నీ ఒకేసారి చేశారు. కొందరు కేకలు వేశారు. కొందరు విసిరిన తాడు మాస్టారి మెడలో పడింది. మిగిలినవాళ్లు దీప్తిని కాలికొకరు, చేతికొకరు పట్టుకుని ఒడ్డుకు లాగారు. ఆ హడావుడిలో కృష్ణతేజ మోకాలి లోతులో బోర్లా పడి గుటకలు మింగుతుంటే గంగరత్నం కాలరు పట్టి లేపింది.

"దించండ్రా! నన్ను దించండి!" అని దీప్తి గొంతు చించుకుంది.

ఆ క్షణాన తీసిన ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది. "ప్రాణాలు దక్కిన ఆనందంతో కేకలు వేస్తున్న దీప్తి." మీరూ చూశారు. మీ ఫ్యామిలీ గ్రూపులో రెండు దండాల బొమ్మలు పెట్టి ముందుకు పంపారు.

పిల్లలకు పతకాలిచ్చారు. చెరుకుపల్లిలో బ్రాంచి తెరిచారు. విద్యాపీఠం సౌజన్యంతో సూర్యలంకలో ఓ బోర్డు వెలిసింది. "దివ్యాంగులు నీటిలో దిగరాదు. వారి సంక్షేమం దృష్ట్యా."

మొన్న ఆదివారం తల్లీకూతుళ్లు బస్సు దిగి మళ్లీ వచ్చారు. బోర్డు పనికొచ్చింది. దీప్తి చేతికర్ర దానికి ఆనించి, చున్నీ పైన తగిలించి నీళ్లలోకి జరిగింది.

ఒడ్డున గుంపు చేరింది. "అయ్యో పాపం, ఆ పిల్లనెవరు వదిలారండీ? మనుషులు కారూ?" అని ఒకరు ఫోను తీసి వీడియో మొదలుపెట్టారు. అది మీరే. కాదనకండి, ఆ రోజు తొడుక్కున్న గళ్ల చొక్కా ఇంకా మీ దండెం మీదే ఆరుతోంది.

దీప్తి అల మీద తేలుతూ మీకేసి చెయ్యి చాపింది. "అన్నా, రండి. మోకాలి లోతేనండి. భయమైతే నేను పట్టుకుంటాను."

మీరు రెండడుగులు వెనక్కి వేశారు. ప్యాంటు తడుస్తుందని పక్కనున్నాయనతో అన్నారు. వీడియో మాత్రం బాగా వచ్చింది. దాని కింద "దివ్యాంగులకు అండగా నిలుద్దాం" అని రాసింది కూడా మీరేగా.