డ్రైవరు సీటు మీద తువ్వాలు

దేవకుమారి ఆ ఉదయం బడికి బయల్దేరే ముందు సంచి రెండుసార్లు తెరిచి చూసుకుంది. చార్టు ఉంది, స్కెచ్ పెన్నులు ఉన్నాయి, తువ్వాళ్ళు లేవు. తువ్వాళ్ళు లేకపోవడమే ఆనాటి ఏర్పాట్లలోకెల్లా ముఖ్యమైనది.

గుంటూరుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. ఏటా విజయవాడలో జరిగే ఆదర్శ బోధన కార్యక్రమంలో పాఠం చెప్పాలని ఆరేళ్ళుగా ఆమె కోరిక. అలా వెళ్ళాలంటే పైనుంచి వచ్చే అధికారి పాఠం చూసి, బాగుందని రాయాలి. పోయిన సంవత్సరం ఆమె ఎలర్జీ పాఠాన్ని బస్సు ఆటగా ఆడిస్తుండగా, వచ్చినాయన తలుపు తీసేసరికి పిల్లలు బెంచీల మీద ఉన్నారు, తువ్వాళ్ళు గాల్లో ఉన్నాయి. ఆయన నివేదికలో ఒకే ఒక్క వాక్యం రాసి వెళ్ళాడు: "తరగతి గది బస్టాండును తలపించింది."

ఆ వాక్యం దేవకుమారి కన్నా హెడ్మాస్టరు చెంచయ్యకే ఎక్కువ గుచ్చుకుంది. వారం రోజులుగా ఆమె ఎదురుపడినప్పుడల్లా ఒకటే మాట. "పాఠం చెప్పండి టీచర్ గారూ. బస్సు నడపకండి."

అందుకే ఈసారి ఆమె బుద్ధిగా, ఎలర్జీ వస్తే ఒంట్లో తుమ్ములూ దురదా పుట్టించే హిస్టమిన్ గురించి చార్టు గీసుకుంది. దానికి మూడు ఆదివారాలు పట్టింది. చూస్తే ఆమెకే ఆవలింత వచ్చేలా ఉంది. కానీ అధికారులకు నచ్చేది అలాంటిదేనని తనను తాను సమాధానపరచుకుంది.

చెంచయ్య తన వంతు ఏర్పాట్లు తాను చేశాడు. మార్చి నెలలో ఆ ఊరి రైతులు కల్లాలు చాలక స్కూలు గ్రౌండులోనే మిరపకాయలు ఆరబోసుకుంటారు. అది ఎప్పటినుంచో ఉన్నదే, ఎవరూ పట్టించుకోరు. అధికారి కళ్ళకు అది బాగుండదని చెంచయ్యకు తోచింది. పొద్దున్నే అటెండరు బాజీని పిలిచి కాయలన్నీ ఒక మూలకు ఎత్తించమన్నాడు. బాజీ చెప్పిన పనికి ఇంకాస్త కలిపి చేసే మనిషి. కాయలు ఎత్తించాక చీపురు తీసుకుని గ్రౌండంతా ఊడ్చాడు. పది రోజులుగా ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్న మిరపపొడి ఒక్కసారిగా పైకి లేచింది.

సరిగ్గా అప్పుడే అధికారి వెంకటరావమ్మ గారి కారు గేటు దగ్గర ఆగింది. ఆవిడ దిగి, లోపలికి అడుగు పెట్టబోతూ తుమ్మింది, ఒక్కసారే.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చెంచయ్య ఒంటి తుమ్ము విని గడప దాటిన మనిషి కాడు. గేటు పక్కనే కుర్చీ వేయించి, మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చోమని ఆవిడను బతిమాలాడు. కూర్చున్నాక రెండో తుమ్ము వచ్చింది. రెండైతే మంచిదే కనుక లేవమన్నాడు. లేస్తుంటే మూడోది వచ్చింది. మూడంటే ఒకటి కిందే లెక్కో కాదో ఆయనకు తేలలేదు. ఎందుకైనా మంచిదని మళ్ళీ కూర్చోబెట్టాడు. నాలుగోది వచ్చేదాకా వెంకటరావమ్మ గారు ఆ పొడి మధ్యనే కూర్చుంది. లోపలికి వచ్చేసరికి ఆవిడ ముక్కు మిరపపండులా ఉంది.

చెంచయ్య తన బల్ల సొరుగులోంచి ఒక పసుపుపచ్చ మాత్ర తీశాడు. అది వేసుకుంటే ఎలాంటి తుమ్ములైనా ఆగుతాయని, తనకూ గొంతు గరగరగా ఉంది కనుక తానూ ఒకటి వేసుకుంటానని చెప్పాడు.

"నిద్ర రాదు కదండీ?" అంది వెంకటరావమ్మ గారు అనుమానంగా.

"ఇరవై ఏళ్ళుగా వాడుతున్నానండి. పగలు ఏనాడూ కునుకు తీయలేదు."

అది నిజమే. ఆ ఇరవై ఏళ్ళూ ఆయన దాన్ని పడుకోబోయే ముందే వేసుకుంటున్నాడు.

ఇద్దరూ చెరొకటి మింగారు. టీ, రిజిస్టర్ల తనిఖీ అయ్యేసరికి గంట గడిచింది. పదకొండింటికి తొమ్మిదో తరగతిలో పాఠం మొదలైంది. వెంకటరావమ్మ గారు వెనక కుర్చీలో కూర్చుని పెన్ను తీసింది. చెంచయ్య తన ఆఫీసు కుర్చీని, దానిమీద పరిచిన తెల్ల టర్కీ తువ్వాలుతో సహా తెప్పించుకుని, పిల్లలు అల్లరి చేయకుండా బోర్డు పక్కన కాపలా కూర్చున్నాడు.

దేవకుమారి చార్టు తగిలించి ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది. ఏడో నిమిషంలో వెనక నుంచి పెన్ను కింద పడిన చప్పుడు వినిపించింది. ఎనిమిదో నిమిషంలో చెంచయ్య గురక మొదలైంది. వెంకటరావమ్మ గారు నిద్రలో కూడా మధ్యమధ్య తుమ్ముతోంది గాని కళ్ళు మాత్రం తెరవడం లేదు.

దేవకుమారికి ఏడుపు వచ్చినంత పనైంది. పన్నెండింటికల్లా ఆవిడ వినుకొండకు బయల్దేరాలి. చూడని పాఠం గురించి ఎవరు మాత్రం ఏం రాస్తారు? పోనీ లేపుదామంటే, అధికారిని నిద్ర లేపే పద్ధతి ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ముందు బెంచీలోంచి అఖిల లేచింది. "ఆవిడ ఎలాగూ చూడట్లేదుగా మేడమ్. బస్సు పాఠం చెప్పండి. ఈ చార్టు మాకు అర్థం కావట్లేదు."

దేవకుమారి చార్టు వైపు చూసింది. మూడు ఆదివారాలు. చుట్ట చుట్టి మూలన పెట్టేసింది.

తువ్వాళ్ళు లేవన్న చింత పిల్లలు పెట్టుకోలేదు. చున్నీలు, జేబురుమాళ్ళు బయటికి వచ్చాయి. చెంచయ్య వీపు వెనక నుంచి టర్కీ తువ్వాలును ఎవరో మెల్లగా లాగేశారు. బెంచీలు బస్సయ్యాయి. ఒకటి ముక్కు, ఒకటి కన్ను, ఒకటి చర్మం. అయిదుగురు పిల్లలు హిస్టమిన్లయ్యారు. ఒంటికి పడని దుమ్మేదో లోపలికి వచ్చిందనగానే వాళ్ళు తోసుకుంటూ బస్సెక్కి కూర్చున్నారు. ముక్కు బెంచీ తుమ్మింది, చర్మం బెంచీ గోక్కుంది.

రెండోసారి మాత్రలుగా మారిన పిల్లల జట్టు బయట నిలబడింది. గుంటూరు బస్టాండులో పండగనాడు పెద్దవాళ్ళు చేసే పనే చేసింది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీట్ల మీద గుడ్డలు విసిరేసింది. హిస్టమిన్లు ఎక్కి చూస్తే ఖాళీ లేదు.

"చూశారా, హిస్టమిన్ ఎక్కడికీ పోలేదు, నిలబడి ఉంది," అంది దేవకుమారి. ఆమె గొంతు ఇప్పుడు గదంతా నిండింది. "మాత్ర దాన్ని చంపదు. దాని సీటు ఆపుతుంది, అంతే. అందుకే తెలిసిన ఎలర్జీకి ముందే వేసుకుంటే మేలు. కూర్చున్నవాడి ఒళ్ళో తువ్వాలు వేస్తే లేస్తాడా?"

"లేవడు మేడమ్!" అని క్లాసంతా అరిచింది.

ఆ అరుపుకు వెంకటరావమ్మ గారు లేచింది. ఒళ్ళో ఎవరిదో చున్నీ ఉంది. ఎదురుగా బెంచీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, పిల్లలు కిటికీల్లో వేలాడుతున్నారు.  పోయిన సంవత్సరం వాక్యం దేవకుమారి కళ్ళ ముందు కదిలింది.

ఆవిడ ఒక తుమ్ము తుమ్మి, గంభీరంగా అడిగింది. "నేను మాత్ర వేసుకున్నాను. మరి నాకు తుమ్ములెందుకు ఆగలేదు?"

అఖిలే నోరు విప్పింది. "మిరప ఘాటు ఈ బస్సెక్కదు మేడమ్. అది సొంత బండి మీదొచ్చి నేరుగా నరాన్నే పొడుస్తుంది. దానికి తువ్వాలు అడ్డం కాదు."

"మరి నిద్రెందుకొచ్చింది?"

"అది పాత రకం మాత్ర మేడమ్. ముక్కు సీటు ఆపమంటే ఊరుకోదు. మెదడు దాకా పోయి డ్రైవరు సీటు మీద కూడా తువ్వాలేస్తుంది. అక్కడ హిస్టమిన్ కూర్చుంటేనే మనం మెలకువగా ఉండేది." ఒక్క క్షణం ఆగి, బోర్డు వైపు వేలు చూపించింది. "డ్రైవరు గారు అదుగో."

చెంచయ్య నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆయన భుజం మీద ఎవరిదో గళ్ళ రుమాలు వేసి ఉంది.

కొత్త రకం మాత్రలు అంత తేలిగ్గా మెదడులోకి చొరబడవని దేవకుమారి నెమ్మదిగా అందుకుంది. వెంకటరావమ్మ గారు కింద పడిన పెన్ను తీసుకుంటూ ఆమె వైపు తిరిగింది.

"ముప్పై ఏళ్ళుగా పాఠాలు చూస్తూ చాలాసార్లు నిద్రపోయానమ్మా. ఎందుకు నిద్రపోయానో పిల్లలు నాకు చెప్పడం ఇదే మొదటిసారి," అంది. ఆ తర్వాత కొంగు నడుముకు దోపి, రెండు రుమాళ్ళు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మొదటిది గురి తప్పింది. రెండోది సరిగ్గా ముక్కు సీటు మీద పడింది. పిల్లలు బల్లలు చరిచారు. వినుకొండ వెళ్ళాల్సిన కారు ఒంటిగంట దాకా కదలలేదు.

మధ్యాహ్నం బెల్లుకు చెంచయ్యకు మెలకువ వచ్చింది. గదిలో దేవకుమారి ఒక్కతే ఉంది. బల్ల మీద నివేదిక ఉంది. తీసి చదివాడు. "తరగతి గది బస్టాండును తలపించింది." ఆయన ముఖం వాడిపోయింది.

"చెప్పానా టీచర్ గారూ, బస్సు నడపొద్దని?"

దేవకుమారి నవ్వు ఆపుకుంటూ కాగితం తిప్పింది. రెండో వైపు ఇలా ఉంది: "ఈ బస్సు తప్పక విజయవాడ వెళ్ళాలి."

ఆరేళ్ళ ఎదురుచూపు తర్వాత ఆ బడికి దక్కిన గౌరవాన్ని ఊరంతా చాటడానికి గడప దాకా పరుగెత్తిన చెంచయ్య, అక్కడ ఒక్కసారి తుమ్మి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.