బొటనవ్రేలి దండయాత్ర

చెవులున్నవారెల్లరు చేరి వినుడు. రవిబింబము పడమటి కిటికీ ఊచలను కాల్చుచున్న ఆదివారపు అపరాహ్ణమున, కుట్టుమిషనుకును బీరువాకును నడుమ మూరెడు జాగాలో, పావుగంటసేపు కీచుకీచుమని నొప్పులుపడిన కంప్యూటరాట క్యాసెట్టు గర్భమునుండి ఒక మహాసంగ్రామము టీవీ తెరపైకి ప్రసవమయ్యెను. ఆ ఆటలో మొదట పటముమీద సేనలను ఆజ్ఞలతో నడుపవలె. శత్రువెదురైనంతనే ట్యాంకునెక్కి స్వయముగా పేల్చవలె.

యోధుడెవడందురా? ఇరువదేండ్లుగా టైపు నేర్పుచు, మీటలవంక కన్నెత్తియు చూడని దశాంగుళీప్రచండుడు, కార్బనుకాగితమలినహస్తుడు, మన టైపు మాస్టారు. టీవీకి తగిలించిన ఆ కంప్యూటరు యంత్రము మాత్రము బావమరిదిది.

"ఆరింటిలోపు ఎక్కడో ఒకచోట గెలువు బావా, వచ్చే ఆదివారం దాకా నీ దగ్గరే ఉంచుకో. లేదంటే ఇప్పుడే సంచిలో వేసుకుపోతా" అని అతడు గోడకు చేరగిలబడెను.

"అరివీరభయంకర దళములారా, ఉత్తరదిశకు కదలుడు!" అని గర్జించి మాస్టారు ఆజ్ఞను టకటకలాడించెను. కాని మాట ముగిసినంతనే ఖాళీ విడుచుట మరిగిన ఆ కుడి బొటనవ్రేలు, పిలువని పేరంటముగా పొడుగు మీటపై పడెను. పటముమీద ఆ మీట నొక్కినచో సేన వెనుదిరుగును. దిగ్విజయమునకు బయలుదేరిన బలగము గిరుక్కున తిరిగి ఇంటిదారి పట్టెను. ఇట్లు ఏడు మార్లు. ఏడు కోటలు పోయెను.

"నీ సైన్యానికి ఇంటిమీద బెంగెక్కువ బావా."

"వేలు నా మాట వినట్లేదోయ్."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఇటివ్వండి ఆ వేలు" అని, పెదవులనడుమ గుండుసూదులు బిగించియే పలుకనేర్చిన మాస్టారి ఇల్లాలు, జాకెట్టు గుడ్డ పీలికతో దానిని అరచేతికి కట్టివేసెను.

సేన సాగెను. శత్రుట్యాంకు ఎదురయ్యెను. అయ్యో, అచట గుండు పేల్చునదియు ఆ పొడుగు మీటయే!

"కట్టు విప్పవే, చచ్చేట్టున్నాం."

"విప్పితే మళ్లీ మొదటికొస్తారు. మీరు బండి తిప్పండి, నేను పేలుస్తా."

"అక్కా, ఇది అన్యాయం. బావ ఒక్కడే ఆడాలి."

"ఆ మాట నా పెళ్లినాడు చెప్పాల్సిందిరా."

మిషను తొక్కుడు వేగమంతయు వ్రేలికొనకు తెచ్చి ఆమె మీటపై విజృంభింపగా, శత్రుశకటము ఎనిమిది తెల్లచుక్కలై చెదరెను. ఆరుగంటలకు నిముషము ముందు, ఏ కోటకును దారితీయని, ఏ సేనయు దాటనొల్లని గోరంత వంతెన యొకటి పటము మూలన శత్రువుల ఎరుపు విడిచి మాస్టారి సేన ఆకుపచ్చనయ్యెను.

బావమరిది ఖాళీసంచిని మడిచి చంకన పెట్టుకొనెను.

దిక్కులారా, సాక్ష్యముండుడు: స్విచ్చి ఆర్పునంతవరకు ఆ వంతెన ఆ దంపతులదే.