అవసరం మార్కులు

ఇకమీదట పంచాయతీలకు నిధులు అడిగినవారికి కాక, అవసరమున్నవారికే ఇస్తారని జనగామ జిల్లాలో ప్రకటన వెలువడింది. అంతకుముందు ఎవరికి ఇచ్చేవారో అందులో రాయలేదు. ప్రతి ఊరి అవసరానికీ వందకు ఇన్నని మార్కులు వేస్తారట. పిల్లలు తెచ్చుకోలేని మార్కులు ఊళ్లయినా తెచ్చుకుంటాయని అందరూ సంతోషించారు.

బచ్చన్నపేట వైపు ఒక తండాకు సోమ్లీ సర్పంచ్. ఆమె కోరిక ఒక్కటే, వాగు మీద కల్వర్టు. వానలు పడితే తండాకు దారి ఉండదు. కోడలు కల్యాణికి శ్రావణంలో నెలలు నిండుతాయి. దవాఖాన వాగు అవతల ఉంది.

మార్కులు వేసే సురేందర్ సారు వస్తున్నాడనగానే తండా మూడు రోజులు కూలి మానుకుంది. ఇంట్లో లేమి చుట్టానికి కనబడకూడదన్నది వాళ్ల కట్టుబాటు. రాళ్లు పేర్చి, మట్టి పోసి, ఎండిన వాగుకు అడ్డంగా బాట వేశారు.

"సారు జీపు ఎగిరితే మన ఇజ్జత్ బోతది" అన్నాడు సోమ్లీ మరిది టీక్యా.

జీపు ఎగరలేదు. సారు కోడికూర, జొన్నరొట్టె తిని, మెచ్చుకుని రాసుకున్నాడు: "దారి: ఉంది. అవసరం: సున్నా."

పక్కూరి సర్పంచ్ యాకయ్య చదువుకున్నవాడు. ఉన్న కల్వర్టును గడ్డపారలతో పగలగొట్టించి, సారు జీపును అందులో దింపించి, తానే ముందుగా ఏడ్చాడు. తొంభై ఆరు మార్కులు పడ్డాయి. పాతదానికి మరమ్మతు, పక్కన కొత్తది మంజూరయ్యాయి. కొత్తదానికి వాగు మిగలలేదు కాబట్టి చేనులో కట్టారు.

ఆషాఢంలో తొలి వానకే తండా బాట కొట్టుకుపోయింది. సోమ్లీ జనగామ ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది.

"దారి లేదు సారూ. మార్కులు తప్పు బడ్డయి."

"గదెట్లమ్మా? నేను జీపుల వచ్చిన గద!"

"మీ కోసమే పోసినం సారూ, గా మట్టి."

"మరి మీ కోసం గూడ పోసుకోరాదు?"

అయినా ప్రభుత్వం మొండిది కాదు. మళ్లీ తనిఖీకి ఒప్పుకుంది. ఈసారి ఎవరూ తట్ట ముట్టొద్దని సోమ్లీ తండా అంతటితో ఒట్టు వేయించింది.

జీపు అవతలి గట్టున ఆగింది. మోకాటిలోతు నీళ్లు. సారు ఒక బూటు విప్పి చేత పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడ్డాడు. తండా అంతా రెండో బూటు వైపే చూసింది. కల్వర్టు దాదాపు మంజూరైనట్టే.

సోమ్లీకి మాత్రం ప్రాణం ఒప్పలేదు. "ఏంది చూస్తున్రు? ఇంటికొచ్చిన మనిషి నీళ్లల్ల దిగుతడా? మంచం తేండ్రి!"

నలుగురు సారును మంచం మీద మోశారు. గొడుగు సోమ్లీయే పట్టింది. సారు కళ్లు చెమర్చాయి. "రవాణా సౌకర్యం: ఉంది. బూట్లు తడవలేదు" అని రాశాడు. మంచాలున్న పంచాయతీలకు కల్వర్టులు అక్కర్లేదని మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు కూడా సిఫారసు చేశాడు.

వారంలో ప్రశంసాపత్రం వచ్చింది. సోమ్లీ దానికి అద్దం కట్టించి, గోడకు మేకు కొడుతోంది. తండా చప్పట్లు కొట్టింది.

కల్యాణి నడుము పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"అత్తా, పటం తర్వాత కొడుదువు. ముందుగాల గా మంచం నులక బిగించు. శ్రావణమొచ్చింది."